కొత్త హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ పీసీ కొనాలా, ఆగాలా? చేతిలో బోనస్, ఒళ్లో పాప

నిద్రలేని_నాన్న

చేత్తో పట్టుకుని ఆడే చిన్న గేమింగ్ కంప్యూటర్ కొనాలా అని రెండు వారాలుగా ఇదే ఆలోచన. ఇక్కడ వాడినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

మా పాపకి ఏడు నెలలు. బెడ్‌రూమ్‌లో ఆర్‌టీఎక్స్ 3060 కార్డున్న డెస్క్‌టాప్ ఉంది. పాప పుట్టాక దాని ముందు కూర్చున్నది మహా అయితే నాలుగుసార్లు. కీబోర్డ్ టకటకకి లేస్తుంది, మానిటర్ వెలుతురుకి లేస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకి నా గుండెల మీద పడుకుంటుంది. మంచం మీద వేస్తే మళ్లీ లేస్తుంది కాబట్టి పదిన్నర దాకా వాలు కుర్చీలో అలాగే ఉంటా. ఆ గంట నాది. అందులో ఫోన్‌లో రీల్స్ చూసి చూసి విసుగొచ్చేసింది.

అది కాక నెలకి రెండుసార్లు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో లింగంపల్లి నుంచి రాజమండ్రి, అత్తారింటికి.

బోనస్‌లో 85 వేలు పక్కన పెట్టా. మా ఆవిడ "నీ ఇష్టం, కానీ కొన్నాక అది కూడా అల్మారాలో పడి ఉండకూడదు" అంది. చూస్తున్నవి ఇవి: రాగ్ ఎక్స్‌బాక్స్ అలై ఎక్స్, లక్ష దాటుతోంది, మిగతాది ఈఎంఐ పెట్టాలి. దాని ముందు వచ్చిన రాగ్ అలై ఎక్స్. లెనోవో లీజియన్ గో. స్టీమ్ డెక్ ఓఎల్ఈడీ, ఇది మన దేశంలో అధికారికంగా అమ్మరు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో నేను కొన్నవి 140 దాకా ఉన్నాయి. విచర్ 3 సగంలో ఆగింది, ఎల్డెన్ రింగ్ మొదట్లోనే ఆగింది. తమ్ముడు వస్తే ఈఏ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ గేమ్ ఆడతాం.

కొనాలా? ఏది? లేక ఇంకో ఏడాది ఆగాలా?

కూకట్‌పల్లి_కీబోర్డ్

లక్ష పెడితే మంచి గేమింగ్ ల్యాప్‌టాప్ వస్తుంది బ్రో. పెద్ద స్క్రీన్, అసలైన గ్రాఫిక్స్ కార్డ్, ఆఫీసు పనికి కూడా పనికొస్తుంది.

మల్లెపందిరి

@కూకట్‌పల్లి_కీబోర్డ్ ఆయన పాప గుండెల మీద పడుకుని ఉంటుందని రాశారు కదా. ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టుకుంటారు?

కూకట్‌పల్లి_కీబోర్డ్

సరే అక్కా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. నా దగ్గర రాగ్ అలై ఎక్స్ ఉంది, దాని గురించి తర్వాత రాస్తా.

లినక్స్_లచ్చన్న

మీ గంటకి సరిపోయేది స్టీమ్ డెక్ ఒక్కటే. కారణం గ్రాఫిక్స్ కాదు, పవర్ బటన్. ఆడుతూ ఆడుతూ బటన్ నొక్కితే పడుకుంటుంది. మూడు గంటల తర్వాత నొక్కినా, మూడు రోజుల తర్వాత నొక్కినా కత్తి ఎత్తినచోటే లేస్తుంది. పాప ఏడ్చిన క్షణంలో బటన్ నొక్కి పక్కన పడేయొచ్చు. విండోస్ హ్యాండ్‌హెల్డ్‌లో ఇది నమ్మకంగా జరగదు. బ్యాగులో పెట్టాక దానంతట అది లేచి, వేడెక్కి, తీసేసరికి చార్జింగ్ సున్నా అయిన రోజులు నేను చూశా.

గుంటూరు_ఘాటు

లచ్చన్న మాట సగం నిజం. ఆయన ఈఏ ఎఫ్‌సీ ఆడతా అన్నాడు, చూశావా? దాని యాంటీ చీట్ (మోసం చేసేవాళ్లని పట్టే సాఫ్ట్‌వేర్) స్టీమ్ డెక్‌లో ఉండే లినక్స్ మీద నడవదు. వాలరెంట్ నడవదు, ఫోర్ట్‌నైట్ నడవదు. 2024లో ఏపెక్స్ లెజెండ్స్ కూడా లినక్స్‌ని ఆపేసింది. జీటీఏ ఆన్‌లైన్‌ది కూడా అదే కథ, అదే ఏడాది. తమ్ముడు వచ్చిన రోజు తలుపు దగ్గరే చెప్పాలి, "ఎఫ్‌సీ లేదురా, ఇంటికెళ్లు" అని.

లినక్స్_లచ్చన్న

తమ్ముడు వచ్చినప్పుడు డెస్క్‌టాప్ ఉందిగా? రోజూ పట్టుకునేదాన్ని నెలకి ఒకసారి వచ్చే మనిషి కోసం ఎంచుకుంటామా?

గుంటూరు_ఘాటు

తమ్ముడి కోసమే ఎంచుకోవాలి. మా ఇంట్లో అలాగే చేస్తాం 😀

టంకం_మావయ్య

నేను రిపేరు చేసేవాణ్ని, ఇవి నా బల్ల మీదకి వస్తూ ఉంటాయి. ప్రాసెసర్ పేర్లు పక్కన పెట్టి ముందు బ్యాటరీ లెక్క చూడండి. అందరూ చివర్లో చూసేది అదే, రోజూ ఇబ్బంది పెట్టేదీ అదే.

బ్యాటరీని వాట్-అవర్లలో కొలుస్తారు. 2023లో వచ్చిన మొదటి రాగ్ అలైలో 40. స్టీమ్ డెక్ మొదటిదాంట్లోనూ 40, ఓఎల్ఈడీలో 50. లీజియన్ గోలో 49 చిల్లర. రాగ్ అలై ఎక్స్‌లో 80, కొత్త ఎక్స్‌బాక్స్ అలై ఎక్స్‌లోనూ 80. ఇక ఖర్చు. పెద్ద గేమ్‌కి చిప్ 25 వాట్లు లాగితే స్క్రీన్, ఫ్యాన్, వైఫై, మెమరీ కలిసి ఇంకో ఎనిమిది, పది లాగుతాయి. అంటే గంటకి 35. నలభైలో ముప్పై అయిదు పోతే మిగిలేదేముంది? గంటా పది నిమిషాలు. 80 ఉంటే రెండుంపావు గంటలు. చిప్‌ని 17 వాట్లకి దించితే ఆ 80 మూడు గంటల దాకా వస్తుంది.

ఇంకో సంగతి. మీ డెస్క్‌టాప్‌లో 3060 కార్డు ఒక్కటే 170 వాట్ల దాకా లాగుతుంది. ఇక్కడ మొత్తం యంత్రానికి కలిపి దాంట్లో అయిదో వంతు. కాబట్టి పెద్ద మానిటర్ మీద చూసిన బొమ్మ ఇక్కడ ఆశించకండి. అయితే ఏడంగుళాల స్క్రీన్ మీద మీడియం సెట్టింగ్స్ పెట్టి, ఎఫ్‌ఎస్‌ఆర్ (చిన్న బొమ్మని పెద్దది చేసి చూపే పద్ధతి) వేసి, సెకనుకి 40 ఫ్రేముల దగ్గర కట్టేస్తే కంటికి హాయిగానే ఉంటుంది.

నిద్రలేని_నాన్న

మావయ్యా, ఈ లెక్క ఇంత సూటిగా ఎక్కడా చదవలేదు. అంటే మొదటి అలై నాకు వద్దన్నట్టేనా? సెకండ్ హ్యాండ్‌లో తక్కువకి దొరుకుతోంది.

టంకం_మావయ్య

ప్లగ్ పక్కనే కూర్చుంటే పర్లేదు. 2023 జూలైలో ఇక్కడ విడుదలైనప్పుడు దాని ధర 69,990. చిప్ ఇప్పటికీ గట్టిదే, జెడ్1 ఎక్స్‌ట్రీమ్, ఎనిమిది కోర్లు. కానీ పాపని ఎత్తుకుని వైరు వేలాడదీసుకుని కూర్చోవడం నేనైతే ఒప్పుకోను. నిద్రలో పిల్లలు కాళ్లు ఆడిస్తారు.

నెలసరి_వాయిదా

కొత్తది తీసుకోండి, ఈఎంఐ ఉండగా భయమేల? జెడ్2 ఎక్స్‌ట్రీమ్ చిప్, 24 జీబీ మెమరీ, పట్టు కూడా ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లా మార్చారు. ఆన్ చేయగానే డెస్క్‌టాప్ కాకుండా నేరుగా గేముల తెర వస్తుంది.

గుంటూరు_ఘాటు

ఒక జాగ్రత్త. 2025 అక్టోబర్‌లో రెండు మోడళ్లు కలిసి వచ్చాయి. చివర 'ఎక్స్' లేని ఎక్స్‌బాక్స్ అలైలో జెడ్2 ఏ చిప్. పేరు కొత్తది, కానీ లోపల పాత తరం జెన్ 2 కోర్లు నాలుగు, అంటే స్టీమ్ డెక్ తరగతి. 'జెడ్2' అన్న రెండక్షరాలు చూసి పరిగెత్తకండి.

వరంగల్_వేగం

నేను వేరే మాట చెప్తా, ఎవరూ కోప్పడొద్దు. పోయినేడు నేనూ ఇలాగే అడిగి అందరూ కొనమంటే కొన్నా. నాలుగు నెలల్లో అమ్మేశా. యంత్రం తప్పేమీ లేదు. మొదటి నెల రోజూ ఆడా. రెండో నెల వచ్చేసరికి ఆడటం కంటే సెట్టింగ్స్ మార్చడమే ఎక్కువైంది. విండోస్ అప్‌డేట్, గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్, గేమ్ లాంచర్ అప్‌డేట్. దొరికే నలభై నిమిషాల్లో ఇరవై వాటికే. మూడో నెలలో మంచం పక్క సొరుగులోకి వెళ్లింది. ఒకరోజు మా అబ్బాయి తీసి "నాన్నా, ఇది ఎవరిది?" అన్నాడు. ఆ వారమే అమ్మేశా. 18 వేలు నష్టం.

నాకు కావాల్సింది గేమింగ్ కాదు, ఖాళీ. అది లేనప్పుడు ఏ యంత్రం కొన్నా ఒకటే.

మల్లెపందిరి

వరంగల్ తమ్ముడి మాట నాకు గుచ్చుకుంది, కానీ పూర్తిగా ఒప్పుకోలేను. నాకిద్దరు పిల్లలు. చిన్నదానికి పాలిస్తూ, నిద్రపుచ్చుతూ స్టార్‌డ్యూ వ్యాలీలో మూడేళ్ల వ్యవసాయం చేశా, స్టీమ్ డెక్ మీదే. ఖాళీ దొరకని రోజుల్లోనే అది నాకు ఆసరా అయింది. పది నిమిషాలు ముల్లంగి నాటుకుని, నీళ్లు పోసి, పడుకోబెట్టడం. నేను పెద్ద గేములు పెట్టుకోలేదు, అందుకే నిలబడింది.

@నిద్రలేని_నాన్న గారూ, మీరు అసలు అడగాల్సింది బరువు. స్టీమ్ డెక్ ఓఎల్ఈడీ 640 గ్రాములు, అలై ఎక్స్ 678, లీజియన్ గో కంట్రోలర్లతో కలిపి 854. కాగితం మీద ఇవన్నీ ఒకటే అనిపిస్తాయి. ఈ రాత్రి ఒక పని చేయండి. కిలో కందిపప్పు ప్యాకెట్‌లోంచి మూడో వంతు తీసేసి, మిగతాది రెండు చేతులతో పాప మీదుగా అరగంట పట్టుకుని కూర్చోండి. మణికట్టు ఏమంటుందో చూడండి. బాలింతలకి బొటనవేలి పక్కన నొప్పి రావడం మామూలే, పిల్లల్ని ఎత్తుకునే నాన్నలకి కూడా వస్తుంది. మోచేతుల కింద రెండు దిళ్లు పెట్టుకోకుండా నేను ఎప్పుడూ ఆడలేదు.

నిద్రలేని_నాన్న

అక్కా, కందిపప్పు ప్రయోగం చేశా. దిళ్లు లేకుండా పదకొండు నిమిషాలు. దిళ్లతో అరగంట దాటింది. మా ఆవిడ వచ్చి చూసి "ఏం చేస్తున్నావ్" అంటే ఏం చెప్పాలో తెలియలేదు. లీజియన్ గో లిస్టులోంచి తీసేశా.

వైజాగ్_కిటికీ_సీటు

రైలు ప్రయాణం గురించి నేను చెప్తా, నెలకి నాలుగుసార్లు వైజాగ్, సికింద్రాబాద్ మధ్య తిరుగుతా. ఏసీ కోచ్‌లో సీటు దగ్గర సాకెట్ ఉంటుంది. 110 వోల్టులే అయినా మన చార్జర్లు 100 నుంచి 240 దాకా తీసుకుంటాయి, ఇబ్బంది లేదు. కానీ గౌతమి రాత్రి బండి. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా సాకెట్లకి కరెంటు ఆపేయాలని రైల్వే పెట్టుకుంది, అగ్ని ప్రమాదాల భయంతో. అందుకని బండెక్కేముందే నిండా చార్జ్ చేసుకోవాలి. పవర్ బ్యాంక్ అయితే కనీసం 65 వాట్ల పీడీ (యూఎస్‌బీ-సీ ఫాస్ట్ చార్జింగ్) ఉన్నదే. ఫోన్‌కి కొన్న పాత 18 వాట్లది పెడితే ఆడుతుండగా చార్జింగ్ ఎక్కకపోగా దిగుతుంది.

ఇంకోటి, ఇంట్లో బయల్దేరేముందే స్టీమ్‌ని ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి, ఆడబోయే గేమ్ ఒక్కసారి తెరిచి చూసుకోండి. ఒకసారి ఖమ్మం దాటాక తెరిస్తే లాంచర్ "లాగిన్ అవ్వండి" అంది. సిగ్నల్ లేదు. విజయవాడ వచ్చేదాకా లోడింగ్ బొమ్మ చూస్తూ కూర్చున్నా.

గుంటూరు_ఘాటు

విజయవాడ ప్లాట్‌ఫామ్ మీద సిగ్నల్ వచ్చేసరికి ఇడ్లీవాడు కూడా వచ్చుంటాడు. గేమ్ ఎవడిక్కావాలి.

ఎడిసన్_బాబాయ్

స్టీమ్ డెక్ కావాలంటే ఎండాకాలంలో ఇండియా వస్తున్నా, తీసుకురాగలను. 2023 నవంబర్‌లో ఓఎల్ఈడీ వచ్చినప్పుడు 512 జీబీ 549 డాలర్లు, ఒక టీబీ 649. కానీ ముందే చెప్తున్నా, చాలామందికి తెచ్చిచ్చి తిట్లు తిన్నవాణ్ని. అమెరికాలో కొన్నదానికి ఇండియాలో వారంటీ ఉండదు. చెడిపోతే మళ్లీ నాకే పంపాలి, నేను వాళ్లకి పంపాలి. కస్టమ్స్‌లో ల్యాప్‌టాప్ ఒకటి సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, కానీ దీన్ని ల్యాప్‌టాప్ అంటారా, గేమింగ్ కన్సోల్ అంటారా అన్నది ఆ కౌంటర్ దగ్గర ఉన్న ఆఫీసరు చూసే చూపుని బట్టి ఉంటుంది. బిల్లు చేతిలో ఉండాలి. చేతి సంచిలోనే పెట్టాలి, లిథియం బ్యాటరీ కదా. వంద వాట్-అవర్ల లోపు అయితే అభ్యంతరం పెట్టరు.

లినక్స్_లచ్చన్న

బాబాయ్ చెప్పిన వారంటీ సంగతి నిజమే, ఒప్పుకుంటున్నా. అయితే ఇంకో దారి ఉంది. ఇక్కడ బిల్లుతో అలై ఎక్స్ కొనుక్కుని దాంట్లో బజైట్ వేసుకోవచ్చు. ఫెడోరా మీద కట్టిన ఉచిత లినక్స్, అచ్చం స్టీమ్ డెక్ తెరలాగే ఉంటుంది. స్టీమ్ డెక్ తయారుచేసే వాల్వ్ కూడా 2025లో దాని లినక్స్, స్టీమ్‌ఓఎస్‌ని వేరే కంపెనీల యంత్రాలకి తెరవడం మొదలుపెట్టింది, లీజియన్ గో ఎస్ దాంతోనే అమ్ముడైంది. విండోస్ ఒక భాగంలో ఉంచుకుంటే తమ్ముడి ఎఫ్‌సీ కూడా నడుస్తుంది. ఘాటు గారికి కూడా సంతోషం.

వరంగల్_వేగం

ఏడు నెలల పాప ఉన్నాయన రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు మెయింటైన్ చేయాలా? నేను చెప్పిన ఇరవై నిమిషాలు నలభై అవుతాయి.

లినక్స్_లచ్చన్న

ఒక్కసారి వేస్తే చాలు. కావాలంటే నేనే వచ్చి వేసిపెడతా.

గులకరాయి

ఇంతమంది మాట్లాడారు, ఖర్చు లేని పరీక్ష ఎవరూ చెప్పలేదు. మీ దగ్గర డెస్క్‌టాప్ ఉంది, ఫోన్ ఉంది. డెస్క్‌టాప్‌లో నడిచే గేమ్‌ని ఫోన్‌లో చూస్తూ ఆడొచ్చు. అందుకు డెస్క్‌టాప్‌లో సన్‌షైన్, ఫోన్‌లో మూన్‌లైట్ వేయండి, లేదా స్టీమ్ లింక్ యాప్. డెస్క్‌టాప్‌ని రౌటర్‌కి కేబుల్‌తో కలపండి, ఫోన్ 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉండాలి. ఫోన్‌కి తగిలించే కంట్రోలర్ స్నేహితుల దగ్గర అరువు తీసుకోండి. మానిటర్ ఆపేసి, వాలు కుర్చీలో కూర్చుని అదే విచర్ 3 ఆడండి. వారం రోజులు. ఎన్ని రోజులు ఆడారు, ఎన్ని నిమిషాలు ఆడారు రాసుకోండి. తర్వాత డబ్బు సంగతి మాట్లాడదాం.

మల్లెపందిరి

ఇది మంచి మాట.

నెలసరి_వాయిదా

వారం ఆగితే ధర పెరుగుతుంది కదండీ. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లన్నీ లాగేసుకుంటున్నాయి. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు ఎలా ఎక్కాయో అందరం చూశాం. వీటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తక్కువది కొని తర్వాత పెంచుకోవడానికి కూడా ఉండదు. వాల్వ్ కూడా చవకైన ఎల్‌సీడీ డెక్‌ని ఆపేసింది.

గులకరాయి

ర్యామ్ సంగతి నిజమే, అందుకే 'ఏడాది ఆగు' అని నేనూ అనను. వారం ఆగమంటున్నా.

టంకం_మావయ్య

వారంలో కొంపలు మునగవు. ఈలోగా జాయ్‌స్టిక్‌ల గురించి తెలుసుకోండి. మామూలు స్టిక్‌లో కార్బన్ పట్టీ మీద లోహపు కాలు రాసుకుంటుంది. ఏడాదో రెండేళ్లో అరిగితే మీరు ముట్టుకోకపోయినా మీ హీరో ఎడమకి నడుస్తాడు. హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లో అయస్కాంతం, రాపిడి లేదు, ఆ అరుగుదల ఉండదు. లీజియన్ గోలో అవి కంపెనీ నుంచే వస్తాయి. మిగతావాటికి మార్చుకోవచ్చు, కానీ వారంటీ అయ్యాకే మార్చుకోండి.

నా దగ్గరకొచ్చిన ఒక కుర్రాడు ఇదే జబ్బుతో సర్వీస్ సెంటర్‌కి ఇస్తే 26 రోజులు పెట్టుకుని, స్పేర్ లేదని అలాగే తిరిగిచ్చారు. చిన్న డబ్బాలో వచ్చే రెండు స్టిక్‌లు, ఒక స్క్రూడ్రైవర్, నలభై నిమిషాల పని అది. ఆ కుర్రాడు నా బల్ల పక్కనే నిలబడి చూశాడు. తెరిచేసరికి ఎడమ స్టిక్ కింద నల్లటి పొడి, అగరబత్తి నుసిలా రాలి ఉంది. అదే ఆ పట్టీ అరుగుదల.

నిద్రలేని_నాన్న

వారం అయింది. లెక్క రాసుకున్నా.

ఏడు రోజుల్లో అయిదు రోజులు ఆడా. ఒకరోజు పాపకి జ్వరం, ఒకరోజు ఆఫీసు కాల్. ఎక్కువ ఆడింది 55 నిమిషాలు, తక్కువ 12. బెడ్‌రూమ్‌లో, హాల్లో బాగా వచ్చింది. బాల్కనీలో రెండు నిమిషాలకోసారి బొమ్మ పగిలిపోయింది. ఫోన్ తెర మీద విచర్ అక్షరాలు చీమల్లా ఉన్నాయి. రెండుసార్లు ఫోన్ మోగి గేమ్ మాయమైంది, ఒకసారి ఆ రింగుకి పాప లేచింది. ఇంకో ఇబ్బంది, నేను ఆడాలంటే డెస్క్‌టాప్ ఆన్‌లో ఉండాలి, దాని ఫ్యాన్ పక్క గదిలోంచి కూడా వినిపిస్తోంది.

ఒక్కటి మాత్రం తేలింది. అయిదు రోజుల్లో ఒక్కరోజు కూడా రీల్స్ చూడలేదు. వరంగల్ అన్న చెప్పిన భయం నాకూ ఉంది, కానీ ఆ గంట నాకు నిజంగా ఉంది, రోజూ వస్తోంది.

వరంగల్_వేగం

అయిదు రోజులు ఆడావంటే నువ్వు నాలాంటివాడివి కాదు తమ్ముడూ. నా మాట ఇక అడ్డం పెట్టను. కానీ ఈఎంఐ మాత్రం వద్దు.

గుంటూరు_ఘాటు

మరి రైలు? 140 గేములు?

నిద్రలేని_నాన్న

రైలు నెలకి నాలుగు రాత్రులు. పాప నిద్రపోయాక మనమూ పడుకుంటాం, కిటికీ సీటు అన్న చెప్పినట్టు సాకెట్ కూడా ఉండదు. దాని కోసం ఏదీ కొననక్కర్లేదని తేలింది. వాలు కుర్చీ కోసమే కొనాలి.

కూకట్‌పల్లి_కీబోర్డ్

మీది నిజాంపేటే కదా. ఆదివారం మా ఇంటికి రండి, నా అలై ఎక్స్ రెండు గంటలు మీ చేతికిస్తా. పాపని కూడా తీసుకురండి, మా అమ్మ అడుగుతోంది.

నిద్రలేని_నాన్న

ఆదివారం వెళ్లొచ్చాం. కీబోర్డ్ తమ్ముడికి, వాళ్లమ్మగారికి థాంక్స్. ఆవిడ పెట్టిన పెసరట్ల గురించి వేరే చర్చ మొదలుపెట్టాలి.

చూసింది చూసినట్టు రాస్తా. అలై ఎక్స్‌లో మూడు మోడ్‌లు: సైలెంట్ 13 వాట్లు, పెర్ఫార్మెన్స్ 17, టర్బో 25. టర్బోలో ఫ్యాన్ చప్పుడు సన్నగా ఊళ వేసినట్టు ఉంది. పాప పడుకోలేదు. సైలెంట్‌లో ఫ్యాన్ తిరుగుతోందా లేదా అని చెవి దగ్గర పెట్టి చూడాల్సొచ్చింది. ఆ మోడ్‌లో హేడీస్ గేమ్ నున్నగా నడిచింది. ఎల్డెన్ రింగ్ 17లో పెట్టి, లో, మీడియం కలిపి, గంట ఆడితే వంద నుంచి 63 శాతానికి దిగింది. మావయ్య లెక్కకి దగ్గరగానే ఉంది.

ఎవరూ చెప్పనిది ఒకటి కనబడింది. వేడిగాలి పై అంచులోంచి బయటికి పోతుంది. నేను వాలి కూర్చుని పాపని ఎడమ భుజం మీద వేసుకుంటే, యంత్రం పై అంచు నా ముఖం వైపు కాకుండా ముందుకి ఉంటుంది కాబట్టి పర్లేదు. కానీ కాళ్ల మీద అడ్డంగా పడుకోబెడితే గాలి నేరుగా పాప పాదాలకి తగులుతోంది. చెయ్యి పెట్టి చూశా, హెయిర్ డ్రయర్ తక్కువలో పెట్టినట్టుంది. కాళ్ల మీద ఉన్నప్పుడు ఆడకూడదని అక్కడే అనుకున్నా.

పవర్ బటన్ లచ్చన్న అన్నంత ఘోరంగా లేదు. పదిసార్లు పడుకోబెట్టి లేపా, ఎనిమిదిసార్లు గేమ్ అక్కడే ఉంది. రెండుసార్లు గేమ్ మూసుకుపోయింది.

లినక్స్_లచ్చన్న

పదికి రెండు అంటే వారానికి ఒకటి రెండుసార్లు. గేమ్‌లో బాస్‌ని, అంటే పెద్ద శత్రువుని, సగం కొట్టాక జరిగితే తెలుస్తుంది. అప్పుడు నాకు ఫోన్ చేయండి, వచ్చి బజైట్ వేస్తా. మాట తప్పను.

మల్లెపందిరి

పాదాలకి వేడి తగలడం గమనించారు, సంతోషం. ఎనిమిదో నెల దాటితే చేతులు చాచి లాక్కుంటుంది, స్టిక్‌లు నోట్లో పెట్టుకుంటుంది. గట్టి కేస్ ఒకటి కొనండి.

నిద్రలేని_నాన్న

కొత్త ఎక్స్‌బాక్స్ అలై ఎక్స్ వదిలేశా. చిప్ మెరుగే, కానీ నేను ఆడేది 13, 17 వాట్లలో. ఆ తేడా కోసం ఈఎంఐ కట్టలేను. మియాపూర్‌లో ఒకాయన పాత అలై ఎక్స్ 61 వేలకి ఇస్తానన్నాడు, ఒరిజినల్ బిల్లు, అయిదు నెలల వారంటీ మిగిలి ఉంది. మావయ్యా, చూడ్డానికి వెళ్లేటప్పుడు ఏమేం చూడాలి?

టంకం_మావయ్య

బిల్లు మీద సీరియల్ నంబరు, యంత్రం వెనక నంబరు ఒకటేనా చూడు. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయి. అది మిల్లీవాట్-అవర్లలో చూపిస్తుంది, డిజైన్ కెపాసిటీ 80 వేలు చిల్లర ఉండాలి, ఫుల్ చార్జ్ కెపాసిటీ 72 వేల పైన ఉంటే బాగున్నట్టే. గేమ్‌ప్యాడ్ టెస్టర్ తెరిచి రెండు స్టిక్‌లూ వదిలేసి చూడు, మధ్య చుక్క కదలకూడదు. గుండ్రంగా తిప్పితే వలయం అంతటా రావాలి. మెమరీ కార్డ్ తీసుకెళ్లి, పెద్ద గేమ్ ఇరవై నిమిషాలు ఆడి వేడెక్కాక అప్పుడు కార్డులోకి ఒక ఫైల్ కాపీ చెయ్యి. చల్లగా ఉన్నప్పుడు పనిచేసి వేడికి ఆగిపోయేవి చూశా. వెనక స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారన్నమాట, ఎందుకు విప్పారో అడుగు.

ఇంటికి తెచ్చాక చార్జ్ 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ పెట్టుకో. గంట ఆటకి అది చాలు, బ్యాటరీ ఎక్కువ కాలం ఉంటుంది.

నిద్రలేని_నాన్న

తెచ్చేశా. 59,500కి ఇచ్చాడు. బ్యాటరీ 75 వేలు చూపించింది, స్టిక్‌లు బాగున్నాయి, కార్డు పరీక్ష పాసయింది. మావయ్య చెప్పిన ఇరవై నిమిషాలు ఆడుతుంటే ఆయన టీ కూడా ఇచ్చాడు.

ఇంకో వార్త. స్టీమ్ ఫ్యామిలీలో మా ఆవిణ్ని చేర్చా. లైబ్రరీ ఒకటే అయినా వేరే వేరే గేములు ఒకేసారి ఆడుకోవచ్చు. అక్క చెప్పిందని స్టార్‌డ్యూ కొన్నా, తనకి నచ్చకపోతే రెండు గంటల లోపు ఆడి, పద్నాలుగు రోజుల్లో తిప్పి పంపొచ్చు కదా అని. నిన్న రాత్రి చూస్తే నాలుగు గంటలు ఆడినట్టు చూపిస్తోంది. నేను విచర్ ఇంకా తెరవలేదు, యంత్రం నా చేతికి రావట్లేదు.

మల్లెపందిరి

ఆటలో చలికాలం రాకముందే ఆవిణ్ని చేపలు పట్టడం నేర్చుకోమనండి.

గుంటూరు_ఘాటు

అదంతా సరే, తమ్ముడు వచ్చాడా లేదా?

నిద్రలేని_నాన్న

శనివారం వచ్చాడు. యూఎస్‌బీ-సీ హబ్‌తో టీవీకి కలిపి, రెండు కంట్రోలర్లతో ఎఫ్‌సీ ఆడాం. హాల్లో, గొంతు తగ్గించుకుని. 3-1 వాడిదే. పాప మా ఆవిడ దగ్గర పడుకుని ఉంది, ఒక్కసారి కూడా లేవలేదు. వాడు గోల్ కొట్టినప్పుడల్లా దిండులో ముఖం పెట్టి అరిచాడు.

లచ్చన్నా, ఆ బజైట్ సంగతి. నిన్న ఎల్డెన్ రింగ్‌లో మార్గిట్ అనే బాస్ దగ్గర బటన్ నొక్కి పడుకోబెట్టా, లేపితే గేమ్ లేదు. ఈ ఆదివారం ఖాళీయేనా?

లినక్స్_లచ్చన్న

పది గంటలకి వస్తా. పెన్ డ్రైవ్ తెస్తున్నా, 16 జీబీది. సేవ్ ఫైల్స్ స్టీమ్ క్లౌడ్‌లోకి వెళ్లాయో లేదో ముందే చూసి ఉంచండి.